పేరు చెప్పడానికి ఇష్టపడని రైతు

త్రినాథా, నేను మీ బావని.

నువ్వు పోయాక ఇది రెండో కొర్ర కొత్త పండగ. వాలు మీద కంకులు బరువెక్కి వంగాయి. దిసారి మంచి పొద్దు చూసి పూజ చేసి, పోయినవాళ్లకి ముందు పెట్టేదాకా కొత్త గింజ ఎవరమూ నోట వేసుకోం గదా... పిల్లలు చేను గట్టు మీద కూర్చుని గుటకలు మింగుతున్నారు. అక్కడ ఎలా ఉన్నావని నిన్ను అడగను. ముందు నా గొడవ తేలాలి.

నువ్వు నా పేరు రాయలేదు.

ఇన్నేళ్లలో ఈ మాట నీతో ఒక్కసారీ అనలేదు. నువ్వే ఎత్తుతావని చూశాను. విశాఖ నుంచి వచ్చేవాడివి, జీలుగు కల్లు తాగేవాడివి, మీ అక్క కాల్చిన చేప తినేవాడివి, పోర్టు గురించి, జీడిపప్పు మిల్లుల గురించి, షేర్ల గురించి గంటలు గంటలు చెప్పేవాడివి. ఆ ఒక్క సంగతి తప్ప! పెద్దవాణ్ణి, నా అంతట నేను అడగాలా? అడగలేదు. నువ్వు ఎత్తలేదు. చివరికి ఎవరు ఓడిపోయారు? చచ్చిపోయినవాడికి ఉత్తరం రాస్తున్నాను, నేనే ఓడిపోయానేమో...

నీకు పేపరు ఉద్యోగం వచ్చిన కొత్తలో ఊరంతా సంబరపడింది. మన కొండ నుంచి పేపర్లో చేరిన మొదటివాడివి. హత్యల గురించో, మంత్రుల గురించో రాస్తావనుకున్నాం. ధరల గురించి రాస్తానన్నావు. నాకు నవ్వొచ్చింది. ధర షావుకారు చెప్తాడు, సంతంతా వింటుంది, మధ్యలో నువ్వు రాసేదేముంది అన్నాను.

"ధర ఎవుడు సెప్పాడో, ఎందుకు సెప్పాడో రాత్తాను బావా. ఆ రెండూ ఎవుడూ రాయడు."

ఆ మాట నాకు అర్థం కాలేదు. కానీ బాగుందనుకున్నాను. మీ అక్కకి ఆ మాట అనలేదులే. తమ్ముడి గొప్ప వింటే మూడు రోజులు నేల మీద నడవదు.

ఆ ఏడే గదా నువ్వు కాఫీ సంతకి వచ్చింది. పెన్ను జేబులో పెట్టుకుని మా బస్తాల మీదే కూర్చున్నావు. అప్పుడు కిందనుంచి వచ్చే షావుకారు ఒక్కడే కొనేవాడు. మనవాళ్లు తోలు తీసి, కడిగి, చాపల మీద ఎండబోసి, మంచు పడితే మళ్లీ ఎత్తి, మళ్లీ ఎండబోసి తెచ్చిన గింజని అతను ఒకటి తీసి పంటి కింద పెట్టి కొరికేవాడు. కళ్లు మూసుకునేవాడు. దేవుడు పూనినట్టు తల ఊపి, "ఇంకా తడి ఉంది" అనేవాడు. ఆ తడి కింద బస్తాకి కొంత కోసేసేవాడు. రాతి మీద పడితే గలగలమనే గింజకి కూడా తడే!

నేను ఊరుకునే మనిషిని కాను. నీకు తెలుసు. బస్తా మూతి కట్టేస్తూ అన్నాను...

"మా గింజ సూరీడు కింద ఎండుతాది గానీ, సావుకారి పంటి కింద ఎప్పటికీ ఎండదు."

నువ్వు ఎగిరి గంతేశావు. "ఇంకోపాలి సెప్పు బావా, ఇంకోపాలి!" అని మళ్లీ చెప్పించుకుని రాసుకున్నావు. గుర్తుందా?

పేపరు బస్సులో వచ్చింది. సంతలో బడి మాస్టారు పైకి చదివాడు. పెద్ద అక్షరాల్లో నా మాటే! చుట్టూ మూగిన జనం ఈలలు వేశారు. నేను తలపాగా సర్దుకుని ముందుకి జరిగాను. అప్పుడు మాస్టారు తర్వాతి వాక్యం చదివాడు. "అని పేరు చెప్పడానికి ఇష్టపడని ఓ రైతు అన్నారు."

నాకు ఇష్టం లేదని ఎవరు చెప్పార్రా నీకు?

కొండ మీద పేరు దాచుకునేవాడు ఎవడు? దొంగ. లేకపోతే అడవిశాఖ వాళ్లకి దొరికినవాడు. నేనెందుకు దాచుకుంటాను? ముందు నాకు మాస్టారి మీదే అనుమానం వచ్చింది. నా పేరు మింగేశాడనుకున్నాను. అతనికీ నాకూ పనసచెట్టు దగ్గర సరిహద్దు తగువుండేదిలే. ఇంకెవర్ని నమ్మాలి? ఆ పేపరు మడిచి తెచ్చుకుని, పక్కింటి పిల్ల పలక పట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను. వానాకాలమంతా పట్టింది. అందరూ బతకడానికి చదువు నేర్చుకుంటారు, నేను కోపంతో నేర్చుకున్నాను. చివరికి ఆ వార్త మొత్తం వేలు పెట్టి చదివాను.

లేదు. నిజంగానే లేదు.

ఇక ఆ గొల్లోరి దొన్నుగాడి సంగతి. పేరు లేని మాటకి వాడే తండ్రయ్యాడు. "ఆ రైతుని నానే" అని ఊరూరా చెప్పుకుని కల్లు తాగాడు. నేను వెళ్లి అది నా మాటరా అంటే ఏమన్నాడో తెలుసా?

"నీకు పేరు సెప్పడం ఇట్టం నేదు గదా బావా, మరెందుకు సెప్తన్నావు?"

సంతంతా నవ్వింది. ఇన్నేళ్లుగా ఆ నవ్వు నా చెవిలోనే ఉంది. నా మాట కొండంతా తిరుగుతోంది. పెళ్లిళ్లలో దాన్ని పాట కట్టి పాడారు. పాడేవాళ్లకి అది ఎవరి మాటో తెలియదు!

నువ్వు పెద్దవాడివయ్యావు. వ్యాపారం పేజీ అంతా నీ చేతి కిందే అన్నారు. తర్వాత ఆ ఉద్యోగం మానేసి కాలేజీలో పాఠం చెప్తానన్నావు. బంగారం లాంటి కొలువు వదిలి పిల్లల్ని మేపుతావా అని తిట్టాను. "నానొక్కణ్ణే రాత్తే ఒక్క సంత, బావా. పిల్లలకి నేర్పితే ఎన్ని సంతలో సూడు" అన్నావు. ఆ పిల్లల్ని రైలెక్కించి, సొరంగాలన్నీ దాటించి, ఏటా మన సంతకి తెచ్చేవాడివి. నున్నటి బూట్లు వేసుకున్న గుంటలు, గుంటళ్లు! వాళ్లని బస్తాల మీద కూర్చోబెట్టేవాడివి.

"కంపెనీ కాగితాలు తర్వాత సూద్దురు గానీ, ముందు బస్తా మూతి ఇప్పి సెయ్యి ఎట్టండి."

నన్ను చూపించి "మా బావ" అనేవాడివి. అంతే. ఆ రైతు ఈయనే అని ఒక్క ఏడైనా అన్నావా? నేను తలపాగా సర్దుకుని నిలబడేవాణ్ణి... నువ్వు వాళ్లని పసుపు బస్తాల వైపు తీసుకుపోయేవాడివి.

సరే. ఇక నువ్వు పోయాక జరిగింది చెప్తాను. విని సిగ్గుపడతావో, పొంగిపోతావో నీ ఇష్టం.

నీ కాలేజీవాళ్లు నీ పేరున సభ పెట్టి నన్నూ, మీ అక్కనీ పిలిచారు. రైల్లో వెళ్లాం. ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టారు. నీ ఫోటోకి దండ. దాని పక్కన గోడకి అద్దం కట్టి ఒక పేపరు ముక్క. దూరం నుంచే పోల్చాను. నేను అక్షరాలు నేర్చుకున్న పేపరు అది, పోల్చనా?

పెద్దవాళ్లు ఏవేవో మాట్లాడారు. నిద్రొచ్చింది. తర్వాత ఒక గుంట లేచింది. వంతల సుమిత్ర. గెడ్డ అవతలి ఊరి పిల్లే, తల్లి మన సంతలో చింతపండు అమ్మేది. నీ దగ్గర చదువుకుని ఇప్పుడు విశాఖలోనే పేపర్లో వ్యాపారం పేజీకి రాస్తోంది. ఆ పిల్ల గోడ మీది ముక్క చూపించి చెప్పింది. ఏటా నువ్వు చెప్పే మొదటి పాఠం అదేనట. ఈ వార్తలో తప్పేమిటో పట్టుకోండి అనేవాడివట. పిల్లలు ధరలు చూసేవాళ్లు, తేదీ చూసేవాళ్లు, ఎవరికీ దొరికేది కాదట. గంట కొట్టే ముందు నువ్వే చెప్పేవాడివట.

"ఆ రైతుని నేను అడగలేదు. పేరు మాట చెప్పినవాడి సొత్తు. వేయాలన్నా, దాచాలన్నా ముందు అడగండి."

ఆ రైతు ఎవరో మాత్రం సారు ఎప్పుడూ చెప్పలేదు, అంది సుమిత్ర.

నా ఒళ్లు వేడెక్కిపోయింది. లేచాను. మీ అక్క తువ్వాలు పట్టుకు లాగింది. "కూకో... తమ్ముడి సభ ఇది, సంత కాదు!" అంది. కూర్చుంటానా? నన్నెవరూ స్టేజీ మీదికి పిలవలేదు, నేనే ఎక్కాను.

"ఆ రైతుని నేను. నా పేరు కిల్లో సుక్రు. చెప్పడానికి నాకు ఇష్టమే" అన్నాను.

తర్వాత చప్పట్లు మొదలయ్యాయి చూడు... పైకప్పు రేకులైతే ఎగిరిపోయేవి. పిల్లలంతా లేచి నిలబడ్డారు. సుమిత్ర ఏడుస్తోంది, నవ్వుతోంది. ఫోటోలో నువ్వు మాత్రం ఏమీ తెలియనట్టు చూస్తున్నావు.

అంటే నీకు తెలుసన్నమాట! ఏటేటా కొత్త పిల్లలందరికీ చెప్పావు. నాకు చెప్పడానికే నోరు రాలేదా?

అక్కడితో అయిపోలేదు. మొన్న కాఫీ అమ్మకాల నాటికి మనవాళ్లంతా కలిసి ఒక మిషను తెచ్చుకున్నారు. గుప్పెడు గింజలు పోస్తే తడి ఎంతో అంకె చూపిస్తుంది. పాత షావుకారు పోయాడు. గద్దె మీద కొడుకు కూర్చున్నాడు. పళ్లు మాత్రం అవే! మిషను అబద్ధమాడుతుంది, పన్ను ఆడదు అన్నాడు. పైగా మిషను పట్టుకొచ్చినవాళ్ల మిరియాలు కొననని బెదిరించాడు. మిరియాలు అప్పుడే కోసి ఆరబెట్టాం. తడి కోత పోనూ కాఫీ ఎంతో కొంతకి అమ్ముడుపోతుంది, మిరియాలు మిగిలిపోతే ఏడాది ఎలా గడుస్తుంది? ఊరు జంకింది.

సుమిత్ర ఆ సంగతి రాయడానికి కొండెక్కి వచ్చింది. ఇంటింటికీ వెళ్లింది. అందరూ చెప్పారు. పేరు మాత్రం వద్దన్నారు. వాళ్లని తప్పు పట్టను, పిల్లలు గలవాళ్లు. చివరికి నా దగ్గరికి వచ్చింది. నీ పేరున నిలబెట్టిన రాయి దగ్గర గడ్డి పీకి అప్పుడే ఇంటికి వచ్చాను.

"తాతా, నీ పేరు ఏయమంటావా, వద్దంటావా? బేగి సెప్పక్కర్లేదు. నీ మిరియాలింకా ఇంట్లోనే ఉన్నాయి, ఆలోసించుకో" అంది.

చూశావా? అడిగింది! ఇన్నేళ్ల తర్వాత ఒక మనిషి నన్ను అడిగింది. నువ్వు నేర్పిన పిల్లే అడిగింది.

అబద్ధం ఎందుకు, మిరియాల బస్తాలు ఒకసారి లెక్కపెట్టుకున్నాను. గుమ్మంలో మీ అక్క నిలబడి వింటోంది. ఆమె వైపు చూశాను.

"ఏయమను. కొనకపోతే మిరియాల సారు కాసుకుని తాగుదాం" అంది.

ఆ పాత పేపరు నాడైతే నా పేరు వేయనిచ్చేదానివా అన్నాను.

"అప్పుడు పిల్లలు సిన్నోళ్లు" అంది. అని, నాలిక కరుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఈ ముక్క గుర్తుపెట్టుకో. మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

సుమిత్రతో చెప్పాను. పేరు వెయ్యి, ఇంటిపేరు వెయ్యి, ఊరు వెయ్యి, ఫోటో కూడా వెయ్యి, తలపాగా కట్టుకొస్తాను ఆగు అని. మాట కూడా కొత్తది ఇచ్చాను. పాతది దొన్నుగాడు అరగదీశాడు గదా.

"తండ్రి పళ్లు ఊడిపోయాయి, కొడుక్కి మొలిసాయి. మా గింజ మాత్రం ఇంకా తడే!"

ఆ పిల్ల రాసుకున్నది నాకే తిరిగి చదివి వినిపించి, సరేనా అని అడిగి మరీ వెళ్లింది. మంచి గురువువేరా నువ్వు. ఒప్పుకుంటున్నాను.

పేపరు వచ్చింది. ఎవర్నీ చదవమనలేదు. అరుగు మీద కూర్చుని వేలు పెట్టుకుని నేనే చదివాను. "కి" దగ్గర ఆగిపోయాను. కాసేపు ముందుకి పోలేకపోయాను. ఏదో కంట్లో పడింది. తర్వాత మిగతా అక్షరాలు ఒక్కొక్కటే దాటాను... కిల్లో సుక్రు అన్నారు. అన్నారు, త్రినాథా! అన్నాడు కాదు. మీ అక్క ఆ పేపరు నా చేతిలోంచి లాక్కుని, చదువు రాదుగా, ఫోటో వైపు చూసి "తలపాగా వంకరగా ఉంది" అంది. రెండు రోజులు మాత్రం కూరలో చేప పెద్ద ముక్క నాకే పడింది.

తర్వాతి సంతకి ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాను. మనవాళ్లు మిషను బల్ల మీద పెట్టారు. షావుకారు కొడుకు నా వైపు చూడలేదు. మొదటి బస్తా విప్పారు. అతను అలవాటు కొద్దీ ఒక గింజ తీసి నోట్లో పెట్టుకున్నాడు.

సంతంతా ఆగిపోయింది. బేరాలు ఆగాయి. కోళ్లు కూడా అరవలేదు అనను గానీ, మనుషులెవరూ అరవలేదు. అతను అటు చూశాడు, ఇటు చూశాడు. దవడ కదపలేదు. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు...

"నమలకు సావుకారీ! సుక్రు బావ సూత్తన్నాడు!"

ఎవరనుకున్నావు? దొన్నుగాడే!

నవ్వు కొండ దాటి ఉంటుంది. ముసలమ్మలు నేల మీద కూలబడి నవ్వారు. షావుకారు కొడుకు ఎర్రబడిపోయి, ఆ గింజ నోట్లోంచి తీసి, పంచెకి తుడిచి, మిగతా గుప్పెడుతో పాటు మిషనులో వేశాడు. అంకె వచ్చింది. ఎండిన గింజ అంకె! ఆ రోజు ఏ బస్తాకీ తడి కోత లేదు. ఆ తర్వాత కూడా లేదు.

నా మిరియాలు మాత్రం అతను కొనలేదు. మాట నిలబెట్టుకున్నాడు, మగాడే. ఏమైందో తెలుసా? కింద ఊరి నుంచి ఇంకో వ్యాపారి పేపర్లో నా పేరు, ఊరు చూసి, ఘాటు రోడ్డంతా అడుగుతూ మా గుమ్మం దాకా వచ్చాడు. "కిల్లో సుక్రు గారి ఇల్లు ఇదేనా?" అన్నాడు. మిరియాలన్నీ పట్టుకుపోయాడు. పేరు లేకపోతే వచ్చేవాడా? చెప్పు. ధర ఎవడు చెప్పాడో రాస్తానన్నావే, మాట ఎవడు చెప్పాడో రాస్తే ఇంత జరుగుతుందిరా!

దొన్నుని పిలిచి కల్లు పోశాను. ఇప్పుడైనా చెప్పు, ఆ పాత పేపరు రైతు ఎవరు అన్నాను. వాడు సిగ్గు లేకుండా, "అది నానే బావా. ఇది మాత్రం నువ్వే" అన్నాడు. పోనీలే. కొత్తది గట్టిది. పాతది వాడికే వదిలేశాను.

సుమిత్ర ఇప్పుడు నెలకోసారి వస్తోంది. బడి చావడిలో మన గుంటల్ని కూర్చోబెట్టి, సంతలో ధరలు ఎలా అడగాలో, ఎవరిని అడగాలో, ఆ ధరలు మన భాషలో ఫోన్లో పదిమందికీ ఎలా చెప్పాలో నేర్పుతోంది. మొదటి రోజు అందరినీ బస్తాల మీద కూర్చోబెట్టింది. నేను దూరంగా నిలబడి చూశాను. నీ గొంతే వినిపించింది. ఎన్ని సంతలో చూడమన్నావు గదా... చూస్తున్నాను. నువ్వు గెలిచావు. నేనూ గెలిచాను.

కానీ నా గొడవ తేలలేదు.

మీ అక్క నాలిక కరుచుకుంది గదా. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆనాడు పేరు వేయొద్దని నీ చెవిలో చెప్పింది ఆమేనా? షావుకారు కొనడం మానేస్తే పిల్లలకి గంజి ఉండదని భయపడిందా? లేక అది నీ సొంత బుద్ధేనా? అక్క మాట విన్న తమ్ముడివైతే నాకు కోపం లేదు. ఆ పని నేనైనా చేసేవాణ్ణేమో. నీ అంతట నువ్వే దాచావంటే... మీ బావ పిరికివాడనుకున్నట్టే గదా? పిల్లలందరి ముందు తప్పు నీ మీదే వేసుకున్నావు. అది నిజమా? అక్కని కాసుకున్నావా?

ఆమెని అడిగాను. పొయ్యిలో కర్ర సర్దింది. ఇంకోసారి అడిగాను. మేక తప్పిపోయిందని బయటికి వెళ్లింది. మేక దొడ్లోనే ఉంది.

అందుకే నిన్నే అడుగుతున్నాను. దిసారి ముహూర్తం పెట్టాడు. వచ్చే మంగళవారం కొర్ర కొత్త. పోయినవాళ్లు ఒప్పుకున్నారో లేదో కోడి గింజ ఏరితే తెలుస్తుంది గదా మనకి. నీ రాయి ముందు కొత్త కొర్రలు రెండు కుప్పలు పోస్తాను. కుడి కుప్ప నీ సొంత బుద్ధి. ఎడమ కుప్ప అక్క మాట. కోడి ముందు దేన్ని ముట్టుకుంటే అదే నీ జవాబు. కోడిని ఆకలితో మాడ్చను. కడుపు నిండా మేపి వదులుతాను. ఆకలి జవాబు నాకొద్దు, నీ జవాబు కావాలి.

ఒక చిక్కుంది. ఈ సంగతి మీ అక్కకి తెలిసిపోయింది. నిన్నటినుంచి ఆ కోడిపెట్టని దగ్గర కూర్చోబెట్టుకుని, ఎడమ చేత్తోనే గింజలు పెడుతోంది, ఎడమ వైపే! ఒప్పుకుంటోందా? తమ్ముణ్ణి కాస్తోందా? అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ఇద్దరే, మీతో నేను పడలేను.

నేను చూడనట్టే ఉన్నాను. పండగ పొద్దున ఆమె నీళ్లకి వెళ్లగానే కుప్పల పేర్లు అటూ ఇటూ మార్చేస్తాను. ఎడమది నీది, కుడిది ఆమెది. నీకొక్కడికే చెప్తున్నాను. ఆమెకి చెప్పకు.

ఈ కాగితం రేపు నీ రాయి దగ్గర పైకి చదువుతాను. నీకు ఆలోచించుకోవడానికి టైము ఉంది. మంగళవారం పొద్దు కొండెక్కేలోపు నాకు జవాబు రావాలి. ఏ జవాబైనా సరే, కొత్త అన్నం, కల్లు నీకే ముందు.

ఇట్లు,
పేరు చెప్పడానికి ఇష్టపడే రైతు,
కిల్లో సుక్రు